పదహారో పేరు

నా పేరు గోడకెక్కిందని నాకు చెప్పింది ఆండాలు. ఆండాలుకు చెప్పింది కాశమ్మ. కాశమ్మకు ఎవరు చెప్పిండ్రో ఆ మహంకాళమ్మకే తెలువాలె. నల్లా కాడ నా బిందె ఎనక తన బిందె పెట్టుకుంట ఆండాలు మెల్లగ అన్నది: "సక్కక్కా, లైబ్రరీ గోడకు కాయిదం అంటిచ్చిండ్రట. పదిహేను మంది మొగోళ్ల పేర్లు, అన్నిటికింద నీ పేరట. కాశమ్మ వాడంత చెప్తున్నది. ప్రకాశం పెండ్లాం మొగోళ్ల నడుమ బాసింపట్టు ఏసుకొని కూసుంటదట, ఇంగ మన లాల్‌దర్వాజల సూసెటియి ఏం మిగిలినయి అన్నదట."

"దేనికి కూసుంటనట?"

"గదే తెల్వదన్నదట. ఎలచ్చన్లకు నిలవడుతున్నవేమో అని మా అత్త అంటున్నది."

బిందె నిండి పొర్లుతున్నా నేను చూసుకోలె. నీళ్లు ఇంట్ల పోసి, కొత్తిమీర తెస్తనని అత్తమ్మకు చెప్పి లైబ్రరీ దిక్కు పోయిన. కాయిదం నిజంగనే ఉన్నది. చదరంగం పోటీలు, ఆదివారం పొద్దుగాల తొమ్మిది గంటలకు, ఐదు రౌండ్లు, గెలిస్తె ఒక పాయింటు, డ్రా అయితె అర. కింద పేర్లు. ఆఖరుకు, పదహారో నంబరు కాడ, "శ్రీమతి ప్రకాశం" అని రాసి ఉన్నది. మొదటి రౌండుల నాకు జోడి పురుషోత్తం సేట్. ఆయనకు పెద్ద బట్టల దుకాణం. నాలుగేండ్ల సంది ఈ పోటీల మొదటి బహుమతి ఆయనదే. కాశమ్మ పాపం తక్కువే చెప్పింది.

పొద్దూకినంక మా ఆయన డిపో నుంచి వచ్చి షర్టు విప్పి నా చేతికిస్తుంటె అడిగిన.

"ఓ, గదా!" అన్నడు. "పదిహేను మందే అయిండ్రు. జోళ్లు కుదురుతలేవు. ఒక పేరు తక్కువ పడ్డది, నీది రాసిన. ఊకె పేరు. నువ్వు వచ్చేది లేదు."

"పేరుంటె మనిషి పోవాలె గద?"

"పోవద్దనే గద రాసింది. ఆదివారం గౌలిపురల సేట్ మేనగోడలి పెండ్లి. నువ్వు రాకుంటె ఆయనకు ఊకెనె ఒక పాయింటు పడ్తది, ఆట లేకుంటనే పెండ్లికి పోయి, తర్వాతి రౌండుకు వస్తడు. అందరికి సులువు. ఫికర్ జెయ్యకు, నీకేం పని లేదు."

పదకొండేండ్ల సంసారంల నాకు పని లేదని ఆయన చెప్పింది అదే మొదటిసారి.

ఆ రాత్రి అన్నం వడ్డించుకుంట, మర్నాడు బట్టలు పిండుకుంట, నేను అదే మాట తిప్పి తిప్పి చూసుకున్న. నన్ను పిలువకపోతె నాకు బాధ లేకుండె. పిలువకపోవుడు నాకు అలవాటే. గని నేను లేకుండ ఉండుటానికి నా పేరు కావాల్సి వచ్చింది వీళ్లకు. నేను రానన్న ధీమా మీద ఒక మొగోనికి పాయింటు పడ్తది, ఇంకొక మొగోనికి సేట్ కాడ మంచి పేరొస్తది. నన్ను అడుగలె. అడిగితె ఏమందునో వాళ్లకు తెల్వది, నాకూ తెల్వది.

నిజం చెప్పాలంటె నాకు ఆట వస్తది. ఇంట్ల ఆ సంగతి ఒక నవ్వులాట. లగ్గమైన కొత్తల నోరు జారి "నాకు ఆడొస్తది" అన్న. ఆయన సంబురపడి చదరంగం పలక పరిచి, చిన్నపిల్లను అడిగినట్టు "ఇదేందో చెప్పు, అదేందో చెప్పు" అని అడిగి, ఆటకు కూసోవెట్టిండు. నాలుగు ఎత్తులైనంక నేను రాజును ఎత్తి గుర్రమోలె దుంకిచ్చిన. ఇంగ చూడు, ఆయన నవ్వు! పదకొండేండ్లయినా ఆ ముచ్చట ఎవరొస్తె వాళ్లకు చెప్తడు. "మా ఆమె రాజు గోడలు దుంకుతడు భాయ్, గంత ఆట మా ఆమెది." నేను పక్కన నిలవడి చాయ్ కప్పులు అందిచ్చుకుంట నవ్వాలె. నవ్వకపోతె "గిదేం మనిషి, ముచ్చటకు గూడ నవ్వది" అంటరు.

ఆ దుంకుడు నా తప్పు కాదు. మా బాపు నేర్పిన ఆట అది. బాపు వడ్ల శివయ్య, భువనగిరి అవతల మా ఊర్లె నాగండ్లు, బండి గీరెలు చేసెటోడు. పని పల్సగున్న దినాలల్ల మెత్తటి కర్రతోని చదరంగం బొమ్మలు చెక్కి జాతరల అమ్మెటోడు. చెక్కిన బొమ్మ నిలవడుతదా పడుతదా అని చూసేది నేను. ఆడి చూస్తెనే తెలుస్తది అంటుండె బాపు. గట్ల కూసొవెట్టి నేర్పిండు. మా ఊరి ఆట నిదానపు ఆట. బంటు ఒక్కొక్క గడే నడుస్తది. రాజుకు ఒక్కసారి గుర్రమోలె దుంకనీకె సెలవు. బంటు అవతలి గట్టుకు చేరితె, ఎవరింట్ల దిగితె వాళ్లే అయితది. ఏనుగు గడిల దిగితె ఏనుగు, గుర్రం గడిల దిగితె గుర్రం.

పట్నం ఆట వేరే అని ఇక్కడికొచ్చినంక తెలిసింది. అది నాకు ఎవరు నేర్పలె. ఆదివారమొస్తె ముందటి అర్రల మా ఆయన, డిపోల ఆయనతోని పనిచేసే కొండల్, ఒక్కోసారి పురుషోత్తం సేట్, పలక చుట్టు కూసుంటరు. ఆ అర్రల నాకున్న జాగ చాయ్ పళ్లెమంత. కప్పులు దించనీకె ఎంతసేపు పడ్తదో అంతసేపే పలక కనవడ్తది. లోపటికొచ్చి, స్టవ్ మీద నీళ్లు కాగేలోపల, తెల్లోడు ఏం జరుపుతడు, నల్లోడు ఏం జరుపుతడు అని మనసులనే ఆడుకుంట. మళ్ల చాయ్ పట్టుకపోయినప్పుడు చూసుకుంట. మస్తు సార్లు నేననుకున్నదే మంచిగుండేది. ఇంగ రెండు ఎత్తులల్ల మా ఆయన ఏనుగు పోతదని కండ్లతోని చూస్కుంట గూడ, చక్కెర సరిపోయిందా అని అడిగి వచ్చిన దినాలున్నయి. బంటు మొదటిసారి రెండు గడులు పోవచ్చని, రాజు దుంకడు గని ఏనుగు చాటుకు పోతడని, చాయ్‌కి చాయ్‌కి నడుమ నేర్చుకున్న. ఒక్కటే, ఆట ఆఖరు నేనెన్నడు చూడలె. వాళ్ల ఆట ఒడిసే యాళ్లకు నేను వాకిట్ల గిన్నెలు తోముతుంటి. ఎవరు గెలిచిండ్రో లొల్లిని బట్టి తెలుస్తుండె.

ఆదివారం ఆయన ముందుగాలనే పోయిండు. నేను ఎనిమిదిన్నరకల్ల అన్నం, చారు చేసి మూతలు పెట్టిన. పిల్లలిద్దరిని ఆండాలు ఇంట్ల ఇడిసిన. ఉతికిన చీర కట్టుకొని వస్తుంటె, అరుగు మీద తమలపాకుకు సున్నం రాసుకుంట మా అత్తమ్మ నీలమ్మ తల ఎత్తింది.

"యాడికి?"

"లైబ్రరీకి. నా పేరు రాసిండ్రు."

"పేరు రాసిండు గని, పొమ్మన్నడా?"

"వద్దన్నడు."

"మరి?"

"మరి పోతున్న."

ఆకు ఆమె నోటి కాడనే ఆగింది. "కూరల ఉప్పు సక్కగ పడది, సదరంగమట" అని గల్లీ మలిగేదాక వినొచ్చింది. గడప దాటినంక వినొచ్చే మాటకు నేను జవాబు చెప్పాలన్న రూల్ ఏం లేదు.

లైబ్రరీ హాల్ల ఎనిమిది బల్లలు. నేను అడుగు పెట్టంగనే అందరు నా దిక్కు తిరిగిండ్రు. పోటీలు నడిపేది వైకుంఠం మాస్టరు. లెక్కల సారు, రిటైరైండు. ఆయన కండ్లద్దాలు సర్దుకొని, "ప్రకాశం కోసం వచ్చిండ్రా అమ్మా?" అన్నడు.

"లేదు సార్. పదహారో పేరు నాదే. గని సరిగ రాయలె. సక్కుబాయి అని రాయుండ్రి."

మాస్టరు మా ఆయన దిక్కు చూసిండు.

"ఆయన దిక్కు చూడకుండ్రి సార్. నా పేరు నాకు గూడ తెలుసు."

మాస్టరు పేరు కొట్టేసి మళ్ల రాసిండు. మా ఆయన నా పక్కకొచ్చి పండ్లు కొరుక్కుంట, "ఏంది గిది? పది మందిల ఇజ్జత్ తీస్తవా? ఇంటికి నడువు" అన్నడు.

"ఆడి పోత."

పురుషోత్తం సేట్ పెండ్లి బట్టలల్లనే వచ్చిండు. పట్టు జుబ్బా, అత్తరు. పాయింటు రాయించుకొని పోదామని వచ్చినోడు నన్ను చూసి నవ్విండు. "రానీ భాయ్ ప్రకాశం, బహెన్ శౌక్‌తోని వచ్చింది. పది నిమిషాల పని." చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టిండు. ముహూర్తం పదకొండున్నరకట.

ఆయన ఊపిరి తీసినంత సేపట్ల ఒక ఎత్తు జరుపుతుండె. నేను బాపు తీరుగనే బంటును ఒక్కొక్క గడి నడిపిన. ఎవరో ఎనక నుంచి "నెలలు నిండినట్టు నడుస్తున్నది బంటు" అన్నరు. అందరు నవ్విండ్రు. నవ్వనియ్యి అనుకున్న. లైబ్రరీ చప్రాసి రాజన్న చాయ్ పట్టుకొని బల్ల కాడికొస్తె, పళ్లెం అందుకుందామని నా చేతులు వాటంతట అవే లేచినయి. సగం లేచి మళ్ల కూసున్న. రాజన్న కప్పు నా ముందర పెట్టిండు. ఒక మొగోడు తెచ్చిన చాయ్ కూసొని తాగుకుంట, పలకను కావాల్సినంత సేపు చూసిన. ఒక్క పలకను అంత సేపు చూడొచ్చని నాకు అప్పుడే తెలిసింది. పొయ్యి మీద ఏది మాడుతలేదు. ఎవ్వరు పిలుస్తలేరు.

పద్నాలుగో ఎత్తు కాడ సేట్ గడియారం చూసుకొని మంత్రిని జరిపిండు. నేను గుర్రాన్ని దుంకిచ్చిన. రాజుకు చెక్, పక్కన ఏనుగుకు దెబ్బ. సేట్ రాజును జరిపిండు, నేను ఏనుగును తీసుకున్న. నెలలు నిండిన ముచ్చట చెప్పినోడు మళ్ల నోరు తెరవలె.

అప్పటిసంది సేట్ నిజంగ ఆడిండు. ఆయన నాకంటె పెద్ద ఆటగాడు, అండ్ల అనుమానం లేదు. పోగొట్టుకున్నదాన్ని మెల్లగ, ఒడుపుగ, నా చేతులల్లకెల్లి మళ్ల గుంజుకున్నడు. నాకు కోపం రాలె. నాతోని ఒక మనిషి గింత ధ్యానం పెట్టి కొట్లాడి ఎన్నేండ్లయింది! ఇంట్ల నాతోని ఎవ్వరు కొట్లాడరు. గద్దిస్తరు, అంతే.

పదకొండైంది. పలక మీద పెద్ద బొమ్మలన్ని ఒడిసినయి. ఇద్దరికి ఒక్కొక్క రాజు, మూడేసి బంట్లు. మా ఆయన కొండల్ చేతుల ఎప్పుడో ఓడిపోయి, నా కుర్చి ఎనక నిలవడి ఉన్నడు. లెక్క పెట్టుకున్న. నా బంటు ఒక్క అడుగుల గట్టెక్కుతది. ఆయన బంటుకు ఇంగ రెండడుగులు కావాలె. బంటును ఆఖరు గడిలకు తోసిన. తోసి, పక్కన పడి ఉన్న బొమ్మలల్లకెల్లి గుర్రాన్ని తీసి ఆ గడిల పెట్టిన. గుర్రం ఇంట్ల దిగింది గద.

"వదినా, మంత్రి!" అని అరిసిండు కొండల్. "మంత్రిని పెట్టాలె! ఒడిసిపోతుండె ఆట!" అప్పుడు మొదలైంది నవ్వు. సేట్ మొఖంల మళ్ల నెత్తురు తిరిగింది.

వైకుంఠం మాస్టరు వంగి మెల్లగ చెప్పిండు. "ఏ గడిల దిగినా సరే అమ్మా, బంటు తనకేది కావాలంటె అది కావొచ్చు. మంత్రి గూడ."

తనకేది కావాలంటె అది. ఈ ఒక్క రూల్ నాకు చాయ్ పళ్లెం మీదికెల్లి కనవడలె. ఆట గీడిదాక వచ్చినప్పుడల్ల నేను బూడిద చేతులతోని వాకిట్ల ఉన్న. బాపును అనుటానికి లేదు, ఆయన ఆటల అదే నిజం. దిగిన ఇంటిదే అయిపోవుడు అని ఎంత నమ్మిన అంటె, ఇంకోటి ఉండొచ్చని అడగాలని గూడ తోచలె. ఏడిస్తె వాళ్లకు ఇంకో ముచ్చట దొరుకుతదని ఏడుపు మింగిన.

"ఆడామె గద సార్, మార్చుకోనియ్యుండ్రి" అన్నరెవరో. సేట్ గూడ చెయ్యి ఊపిండు. "హా హా, పెట్టుకోనీ, ఏం పోయింది."

నేను మాస్టరును అడిగిన: "మొగోడు గుర్రం పెడితె, తీసి మంత్రిని పెట్టనిస్తరా సార్?"

మాస్టరు జర తడబడ్డడు. "లేదమ్మా. పెట్టిందే ఖాయం."

"అయితె గుర్రమే ఉండనీ."

సేట్ కుర్చిల ఎనుకకు వాలి, నా నెత్తి మీదికెల్లి మా ఆయనను చూసిండు. "అరె ప్రకాశం, ఒక పని చేద్దాం. నాకు ముహూర్తం దాటుతున్నది. మీ ఆమెకు డ్రా ఇచ్చేస్త. చెరి అర పాయింటు. ఖుష్?"

"మీ దయ సేట్" అన్నడు మా ఆయన నా ఎనక నుంచి. ఆ గొంతుల ఎంత సంబురం!

అర నిమిషం కింద ఓడిపోతున్న మనిషి ఇప్పుడు ఇచ్చెటోడైండు. పొద్దుగాలనే ఓడిపోయిన మనిషి తీసుకునెటోడైండు. పలక ముందర కూసొని, ఏండ్ల సంది ఉడుకుతున్న మనసుతోని రెండు గంటలు కొట్లాడిన నేను ఏమీ కాలె. పెండ్లిల బంతి మీద లడ్డు వడ్డిస్తుంటె "ఆమెకు తీపి వద్దు" అని మా ఆయన చెయ్యి అడ్డం పెడ్తడు. నాకు లడ్డంటె ప్రాణం. నౌకరికి పిలుపు కాయిదం వస్తె "ఆమెకు ఇష్టం లేదు" అని ఆయనే జవాబు రాసి పంపిండు. నేను పి.యు.సి. పాసై ఉంటి. వద్దనేది ఆయనే, ఇయ్యాల సరే అనేది గూడ ఆయనే. సేట్‌తోని డ్రా చేసిన ఆడామె అని వాడంత చెప్పుకుందురు, నాకు తెలుసు. కాశమ్మ నోరు గూడ మూతపడును. గని అది నా డ్రా కాదు. వాళ్లిద్దరిది.

"సేట్," అన్న, "ఆడుతున్నది నేను. అడిగితె నన్నడుగుండ్రి."

ఆయన నవ్వు జర చిన్నగైంది. "సరే బహెన్, నిన్నే అడుగుత. డ్రా?"

"వద్దు."

నా కుర్చి ఎనక మా ఆయన ఊపిరి బుస్సుమన్నది. "పిచ్చి లేసిందా నీకు?" అన్నడు. మాస్టరు చెయ్యి ఎత్తి, ఆట నడుస్తుంటె మాట్లాడొద్దని గద్దించిండు. ఆయనను ఇంకొకరు నోరు మూసుకొమ్మంటె వినుడు గూడ నాకు కొత్తనే.

సేట్ బంటు రెండడుగులేసి మంత్రి అయింది. నాకు ఒక్క గుర్రం. అయినా సులువుగ ఇయ్యలె. గుర్రంతోని చెక్ ఇచ్చిన, ఒక బంటును గుంజుకున్న, రాజును మూల నుంచి మూలకు నడిపిన. ఇరవై రెండు ఎత్తులు పట్టింది ఆయనకు. పట్టు జుబ్బా ఈపు మీద తడిసి అంటుకున్నది. ఆఖరుకు ఇంగ నా రాజుకు పోనీకె గడి లేదని నేనే చూసి, నేనే బొమ్మను పండవెట్టిన. పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. తలంబ్రాలు అయిపోయినట్టే లెక్క.

సేట్ గడియారం చేతికి కట్టుకుంట లేచిండు. నా నెత్తి మీదికెల్లి చూసి, "ప్రకాశం, మంచిగ నేర్పినవ్ భాయ్" అని పోయిండు.

"ఏదో సేట్..." అన్నడు మా ఆయన, సిగ్గుపడ్డట్టు.

మాస్టరు కాయిదం నా ముందర పెట్టిండు, ఓడినోళ్లు గెలిచినోళ్లు సంతకం పెట్టనీకె. సేట్ పోతపోతనే తనది గీకిండు. రేషన్ కార్డు మీద నా బదులు పెట్టినట్టు పెడదామని మా ఆయన కలం అందుకున్నడు. నేను కలాన్ని ఆయన వేళ్లల్లకెల్లి గుంజుకొని, సున్న పక్కన నా పేరు నిండుగ రాసిన.

"తీసుకుంటె ఏం పోతుండె?" అన్నడు మెల్లగ. "సేట్ అంతటోడు ఇస్తనంటె. ఇప్పుడేమైంది? ఓడితివి గద."

"అవు. నేనే ఓడిన" అన్న. ఆ మాట నోట్ల పుల్లగ లేదు.

అప్పటికే రాజన్న బొమ్మలు మళ్ల సర్దుతున్నడు. మాస్టరు రెండో రౌండు జోళ్లు చదువుడు మొదలువెట్టిండు. పాయింటు వచ్చినోళ్లకు పాయింటు వచ్చినోళ్లతోని, సున్న ఉన్నోళ్లకు సున్న ఉన్నోళ్లతోని. ఒకటో బల్ల, సేట్ పెండ్లి నుంచి వచ్చినంకనట. రెండో బల్ల, మూడో బల్ల. ఐదో బల్ల కాడికొచ్చి మాస్టరు ఆగి, దగ్గి, చదివిండు. "ప్రకాశం. సక్కుబాయి."

కొండల్ ముసిముసిగ నవ్వి తల దించుకున్నడు. మిగిలినోళ్లు మా ఇద్దరి దిక్కు చూసిండ్రు. నేను పోయి ఐదో బల్ల కాడ కూసున్న. ఆయన మాస్టరు దగ్గరికి పోయి, అందరికి వినవడేటట్టే అన్నడు: "ఆమె పేరు కొట్టెయ్యుండ్రి సార్. ఆమె ఇంటికి పోతున్నది. అమ్మ ఒక్కతే ఉన్నది, ఇంట్ల మస్తు పనున్నది."

మాస్టరు కలం కాయిదం మీద పెట్టి, కొట్టెయ్యకుంట నా దిక్కు చూసిండు.

"నేను యాడికి పోతలేను సార్" అన్న. తర్వాత మా ఆయనను చూసిన. "ఆడనీకె భయమైతె నువ్వే ఇంటికి పో. పని గూడ ఉన్నదంటివి గద."